బిస్కెట్ డబ్బాలోని నాలుగు డిస్కులు

భద్రముగా దాచుట వేరు, దాచినదానిని మరల తీయగలుగుట వేరు. మన ఇండ్లలో ఈ సంగతి అందరికీ తెలిసినదే. తాళపుచెవి పోతే ట్రంకుపెట్టెలో చీరలు ఉన్నా కట్టుకొనుటకు లేవు. అయితే పెట్టె తాళము పగులగొట్టుటకు ఊరిలో ఎవరో ఒకరు ఉంటారు. కంప్యూటరు డిస్కుల విషయము అంత తేలిక కాదు. ఒక డిస్కును చదివే యంత్రమును లోకములో ఎవరూ తయారుచేయకుండా మానివేస్తే, ఆ డిస్కు ఎంత బాగున్నా అది మూతపడిన పెట్టెయే. అటువంటి ఒక యంత్రము కొరకు మేము పదునాలుగు నెలలు వెదికాము. ఆ వెదకులాటలో తెలిసిన సంగతులు మన సంఘములకును కుటుంబములకును పనికివచ్చునని తలంచి వ్రాస్తున్నాము.

మా పాస్టరేటు కోనసీమలో ఉన్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును ఆ ప్రాంతమువారు ఈనాటికీ మరువలేదు. కొబ్బరిచెట్లు వేలకు వేలు నేలకూలాయి. ఎన్నో కుటుంబములు తమవారిని పోగొట్టుకొన్నాయి. మా గుడి రేకులు కూడా ఆ రాత్రి లేచిపోయాయి. బీరువాలోనికి నీరు చేరి పాత బాప్తిస్మపు రిజిష్టరు నానిపోయింది. అది సిరా కలముతో వ్రాసిన పుస్తకము. సిరా కారి ఒక పుటలోని వ్రాత రెండవ పుటకు అంటుకొన్నది.

అప్పుడు ఆ సంఘమును కాచుచున్న పాస్టరు గారు మాకు ముందు పనిచేసినవారు. ఆయన ఆ పుటలను ఒక్కొక్కటిగా విడదీసి నీడలో ఆరబెట్టించి, చదువగలిగినంత మట్టుకు నోటుపుస్తకములోనికి ఎక్కించారు. తరువాత 1998లో పట్టణములోని ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద టైపు చేయించారు. దానితోపాటు సంఘ చరిత్ర కొంత, ముసలివారు చెప్పిన జ్ఞాపకములు కొన్ని కూడా టైపు చేయించారు. కాగితము మీద తీయించిన ప్రతి ఒకటి బీరువాలో ఉంచారు. కంప్యూటరు ప్రతిని నాలుగు డిస్కులలో తెచ్చి బిస్కెట్ డబ్బాలో పెట్టారు. ఆయన 2009లో ప్రభువునందు నిద్రించారు.

మేము 2019లో ఆ సంఘమునకు వచ్చునప్పటికి కాగితపు ప్రతిని చెదలు తినివేశాయి. పాత రిజిష్టరు మిగిలి ఉన్నది గాని ముట్టుకొంటే పొడిపొడిగా రాలిపోతున్నది. నోటుపుస్తకము ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. 2021లో బీరువా మార్చునప్పుడు ఆ డబ్బా దొరికింది. లోపల నాలుగు డిస్కులు, వాటిపైన ఒక చీటీ. ఏ డిస్కులో ఏమున్నదో ఆయన స్వహస్తముతో వ్రాసి, క్రింద “తెరుచుటకు జిప్ డ్రైవు కావలెను” అని గీత గీశారు. ఆ ఒక్క వాక్యమే మాకు దారి చూపింది.

ఇది జరిగిన కొద్ది దినములకే మా సంఘములోని ఒక మామ్మగారు మా ఇంటికి వచ్చారు. ఆమె 1941లో పుట్టారని కుటుంబమువారు చెప్పుకొంటారు. ఆమెను కని తల్లి చనిపోయింది. తండ్రి పని కొరకు రంగూను వెళ్ళి తిరిగి రాలేదు. మేనత్త పెంచింది. ఆ మేనత్త ఎప్పుడు తలచుకొన్నా “మా వదిన” అనేదే గాని పేరు చెప్పేది కాదు. ఈమెకు తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి మేనత్తయు పోయింది. అడుగుటకు ఇక ఎవరును లేరు.

“అయ్యగారూ, పాత పుస్తకం పెట్టె దొరికిందంటగదండీ. మా అమ్మ పేరు అందులో ఉంటాదాండి?” అని ఆమె అడిగారు.

“ఉండవచ్చు మామ్మగారూ, చూస్తాము” అన్నాము. చూచుటకు ఏమి కావలెనో అప్పటికి మాకు తెలియదు.

జిప్ డిస్కు అంటే ఏమో చదువరులకు చెప్పవలెను. మన పిల్లలు కంప్యూటరు నేర్చుకొన్న తొలి దినములలో వాడిన మూడున్నర అంగుళముల ఫ్లాపీ చాలామందికి తెలుసు. అందులో 1.44 మెగాబైట్లు పట్టేవి. ఉత్తరములకు అది చాలును గాని బొమ్మలతో కూడిన పుస్తకమునకు చాలదు. ప్రెస్సులవారికి ఇది పెద్ద చిక్కు. పుటలు ఒకచోట తయారుచేసి, ఫిల్ము తీయించుటకు వేరొకచోటికి మోసుకొనిపోవలెను గదా.

ఈ చిక్కును తీర్చుటకు అమెరికాలో కొన్ని కంపెనీలు బయలుదేరాయి. 1982లో సయ్యద్ ఇఫ్తికార్ అను ఆయన సైక్వెస్ట్ అను కంపెనీని స్థాపించాడు. హార్డు డిస్కులోని గట్టి పళ్ళెమును ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, యంత్రములో నుండి తీసి మరియొక యంత్రములో పెట్టుకొనునట్లు ఆ కంపెనీ తయారుచేసింది. ఒక్కొక్క పెట్టెలో 44 మెగాబైట్లు పట్టేవి. అనేక దేశముల ప్రెస్సులలో మాకింటోష్ కంప్యూటర్ల ప్రక్కన ఈ యంత్రములు ఉండేవి. 1995లో అయొమెగా అను మరియొక కంపెనీ జిప్ డ్రైవును అమ్మనారంభించింది. ఇందులోనిది గట్టి పళ్ళెము కాదు, ఫ్లాపీలో ఉన్నటువంటి పలుచని మెత్తని బిళ్ళ. అయినను 100 మెగాబైట్లు పట్టును. అనగా ఇంచుమించు 70 ఫ్లాపీలు మోయు బరువును ఒక్క డిస్కు మోయును. అమెరికాలో యంత్రము వెల 200 డాలర్లకు కొంచెము తక్కువ. అందుచేత అది త్వరగా వ్యాపించింది. సైక్వెస్ట్ కంపెనీ 1998 నవంబరులో దివాలా తీసింది.

జిప్ వైభవము కూడా ఎక్కువ కాలము నిలువలేదు. సీడీలు చౌకయ్యాయి. తరువాత చిటికెనవ్రేలంత పెన్ డ్రైవులు వచ్చాయి. అయొమెగా కంపెనీని 2008లో వేరొక పెద్ద కంపెనీ కొనివేసింది. జిప్ డ్రైవులు తయారగుట ఆగిపోయింది. ఇండ్లలో ఉన్నవి పాత ఇనుము క్రింద తూకమునకు పోయాయి. లోకమంతటా వాడిన వస్తువు ఇరువది ఏండ్లలో వెదికినా దొరకనిదైపోయింది.

మొదట మేము 2022 జనవరిలో ఆ పాత ప్రెస్సును వెదుకుతూ పట్టణము వెళ్ళాము. ప్రెస్సు యజమాని లేరు. ఆయన కుమారుడు అదే గదిలో ఫ్లెక్సీ బ్యానర్లు వేస్తున్నాడు. డిస్కును చూడగానే, “నీలంరంగు డబ్బా అండి, నాకు బాగా గుర్తు. నాన్నగారు దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు” అన్నాడు. అది ఎక్కడున్నదని అడిగితే, కోవిడ్‌కు ముందే పాత మానిటర్లతో కలిపి సామాను వానికి వేసేశామని చెప్పాడు. ఆ సామాను దుకాణమునకు కూడా వెళ్ళాము. అక్కడ కంప్యూటరు సామాను పచ్చలోహము, రాగి, ప్లాస్టిక్ అని మూడు కుప్పలుగా వేరుచేస్తారు. మూడు కుప్పలలోను మేము వెదికినది లేదు.

తరువాత సికింద్రాబాదు వెళ్ళాము. అక్కడ పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అని కంప్యూటరు దుకాణముల సముదాయము ఉన్నది. అందరును సీటీసీ అంటారు. ఒక దుకాణములోని కుర్రవాడు డిస్కును త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది ఏ ఫోను బ్యాటరీ సార్?” అని అడిగాడు. అతనిది తప్పుకాదు. అతడు పుట్టకముందటి వస్తువు అది. ఆరవ దుకాణమువారు మమ్మును పైఅంతస్తులో మరమ్మతులు చేయు ఒక పెద్దాయన యొద్దకు పంపారు. అందరును ఆయనను చాచా అని పిలుస్తారు. ఆయన డిస్కును చూచి కళ్ళజోడు సవరించుకొని, “జిప్! పదిహేనేళ్ళయింది సాబ్, దీన్ని చూసి” అని నవ్వారు.

ఆయన బల్ల క్రింది గోనెసంచి విప్పి, పాత కంప్యూటర్లలో నుండి విప్పిన యంత్రములను బయటకు తీశారు. అందులో ఒక జిప్ డ్రైవు ఉన్నది. కంప్యూటరు లోపల బిగించు రకము. ముందరి మూతలేదు. మాకు ఎంతో సంతోషము కలిగింది. వెంటనే మన డిస్కు పెట్టి చూద్దామని చేయి చాచాము. చాచా మా చేయి పట్టుకొని ఆపారు.

“పాస్టర్ సాబ్, మీది పెట్టకండి. ముందు దిక్కులేని డిస్కు ఒకటి పెట్టి చూద్దాం” అన్నారు.

ఎందుకో ఆయన వివరించారు. డిస్కు లోపలి బిళ్ళ నిమిషమునకు సుమారు మూడువేల చుట్లు తిరుగును. దానికి పైన ఒకటి, క్రింద ఒకటి, బియ్యపు నూక వంటి రెండు చిన్న తలలు దానిని చదువును. ఆ తల వంగినా, ఊడినా తిరుగుచున్న బిళ్ళ అంచును చీల్చివేయును. చీలిన ఆ డిస్కును మంచి యంత్రములో పెడితే ఆ చీలిక ఆ యంత్రపు తలను విరుచును. విరిగిన ఆ తల మరియొక మంచి డిస్కును పాడుచేయును. మేకలమందలో గజ్జి వలె ఒకదానినుండి ఒకదానికి ప్రాకునన్నమాట. తల చదువలేక వెనుకకు పోయి మరల వచ్చునప్పుడు టిక్కు టిక్కుమని శబ్దము వచ్చును. ఆ శబ్దమునకు అమెరికాలో చావు చప్పుడు వంటి పేరొకటి పెట్టారు. 1998లో వినియోగదారులు దానిపై కోర్టుకు కూడా వెళ్ళారు.

చాచా తన యొద్దనున్న ఖాళీ డిస్కు పెట్టి విద్యుత్తు ఇచ్చారు. టిక్కు, టిక్కు, టిక్కు. వెంటనే ఆపివేశారు. విప్పి చూస్తే ఒక తల ప్రక్కకు వంగి ఉన్నది. ఏండ్లతరబడి గోనెసంచిలో ఇనుప సామానుతో కలిసి దొర్లినందుకు అట్లయినదని ఆయన అన్నారు. ఆ తల విడిగా ఎక్కడా అమ్మరు. మరియొక యంత్రమునుండి తీయవలెను. ఆ యంత్రమే ఉంటే ఇక దీనితో పనేమి?

తరువాత ఆయన మా నాలుగు డిస్కులను టార్చిలైటు క్రింద పరీక్షించారు. ఇనుప రెక్కను గోటితో ప్రక్కకు జరిపి బిళ్ళ అంచును చుట్టూ చూచారు. వెనుక మూలనున్న చిన్న మెరుపుచుక్కను కూడా చూపించారు. సైకిలు వెనుక మడ్‌గార్డుకు ఉండే అద్దపుబిళ్ళ వలె అది వెలుతురును తిరిగి వచ్చినచోటికే పంపును. యంత్రము లోపల చిన్న దీపము ఉండి, ఆ వెలుతురు తిరిగి వస్తేనే ఇది జిప్ డిస్కని గుర్తించి తలలను దింపునట. మూడు డిస్కులు శుభ్రముగా ఉన్నాయి. నాలుగవ దానిమీద తెల్లని మచ్చలు ఉన్నాయి. మా సముద్రతీరపు చెమ్మకు బూజు పట్టింది. “దీన్ని దేన్లోనూ పెట్టకండి” అని ఆయన దానిని వేరే కవరులో పెట్టి ఇచ్చారు. మా యొద్ద డబ్బు తీసుకొనలేదు. టీ మాత్రము తెప్పించారు.

ఆ దినమున ఆయన బల్లమీద ఒక పాత మాకింటోష్ ఫ్లాపీ యంత్రము విప్పి ఉన్నది. అందులో డిస్కును బయటకు నెట్టు చిన్న ప్లాస్టిక్ పండ్లచక్రము ముక్కలై ఉన్నది. ఆ కాలపు మాకింటోషులలో ఫ్లాపీని చేతితో నొక్కి తీయుటకు బొత్తాము ఉండేది కాదు. మోటారే దానిని బయటకు నెట్టేది. ఏండ్లు గడచినకొలది ఆ చక్రపు పండ్లు పెళుసెక్కి రాలిపోతాయి. యంత్రమంతయు బాగున్నా వ్రేలిగోరంత చక్రము లేక అది పనికిరాదు. ఇప్పుడు పాత యంత్రములంటే ఇష్టమున్నవారు త్రీడీ ప్రింటరు మీద ఆ చక్రమును తామే చేసుకొనుచున్నారని చాచా చెప్పారు. ఆయన మరికొన్ని సంగతులు కూడా చెప్పారు. పాత హార్డు డిస్కులలోని రబ్బరు తారువలె కరగి అంటుకొనునట. బోర్డుమీది చిన్న కెపాసిటర్లలోని ద్రవము కారి రాగిగీతలను తినివేయునట. గడియారము కొరకు పెట్టిన బ్యాటరీ ఉబ్బి పగిలితే బోర్డంతయు తుప్పుపట్టునట. వాడకుండ దాచి ఉంచితే వస్తువు క్రొత్తగా ఉంటుందని మనము అనుకొంటాము. యంత్రముల విషయములో అది నిజము కాదని ఆ దినమున తెలిసింది.

మరి రెండుసార్లు సికింద్రాబాదు వెళ్ళి వట్టిచేతులతో వచ్చాము. చెన్నైలో రిచీ వీధి అని ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపొందిన బజారు ఉన్నది. అక్కడ చదువుకొనుచున్న మా సంఘ యువకుడొకరు రెండు శనివారములు అక్కడ తిరిగారు. ఒక దుకాణములో దొరికిందని సంతోషముతో ఫోను చేశారు. ఫోటో పంపగా చూస్తే అది జాజ్ డ్రైవు. అదే కంపెనీదే గాని వేరు యంత్రము. దానిలో గట్టి పళ్ళెముల పెట్టె మాత్రమే పట్టును. జిప్ డిస్కు పట్టదు.

చివరకు సహాయము దూరమునుండి వచ్చింది. మా సంఘ పెద్ద ఒకరి కుమార్తె అమెరికాలో టెక్సాసులో ఉంటారు. తండ్రి ద్వారా ఈ సంగతి విని, పాత వస్తువులమ్ము దుకాణములలో ప్రతి ఆదివారము ఆరాధన అయిన తరువాత చూచేవారట. నాలుగవ నెలలో ఆమెకు యూఎస్‌బీ తీగతో పనిచేయు జిప్ డ్రైవు దొరికింది. 2022 క్రిస్మసుకు స్వదేశము వచ్చుచున్న స్నేహితుల పెట్టెలో దానిని పంపారు. నీలంరంగు డబ్బా. ప్రెస్సువారి అబ్బాయి చెప్పిన రంగే.

అయినను వెంటనే ప్లగ్గు పెట్టలేదు. పెట్టియుంటే ఆ దినముతోనే కథ ముగిసేది. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. కొన్ని అడాప్టర్లు రెండింటికిని పనిచేయును, కొన్ని చేయవు. వచ్చిన అడాప్టరు మీది చిన్న అక్షరములను భూతద్దముతో చదివితే 120 అని మాత్రమే ఉన్నది. డ్రైవుకు కావలసినది 5 వోల్టులు, ఒక ఆంపియరు. అటువంటి అడాప్టరు కొరకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళాము. చిన్న సామానుకు ఆ గల్లీ పెట్టింది పేరు. 5 వోల్టుల అడాప్టర్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. అయితే మూడు సంగతులు కలియవలెను. వోల్టులు సరిపోవలెను. గుండ్రని మొన సరిగా పట్టవలెను. మొనలోపలిది ప్లస్సా మైనస్సా అన్నది డ్రైవుమీది గుర్తుతో సరిపోవలెను. మూడవది తప్పితే యంత్రము కాలిపోవును. దుకాణదారుడు మీటరు పెట్టి చూపించిన తరువాతనే కొన్నాము. 180 రూపాయలు. పదునాలుగు నెలల వెదకులాటలో మేము కొన్న వస్తువు అది ఒక్కటే.

2023 మార్చిలో మా మందిరపు గదిలో కూర్చున్నాము. ఇంజనీరింగు చదువుచున్న తమ్ముడొకడు తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. మొదట చాచా ఇచ్చిన ఖాళీ డిస్కు పెట్టాము. టిక్కు శబ్దము లేదు. దానిని తీసి అంచు చూచాము. చీలిక లేదు. అప్పుడే మన మొదటి డిస్కు పెట్టాము. ఫ్లాపీకి ఉన్నట్లు వ్రాతను ఆపు చిన్న గడి జిప్ డిస్కుకు లేదు. అందుచేత కంప్యూటరు దానిమీద ఏమియు వ్రాయకుండ ఆ తమ్ముడు ముందే కట్టడి చేశాడు. ఏ ఫైలును తెరువక ముందు డిస్కునంతటిని ఉన్నదున్నట్లు ల్యాప్‌టాప్‌లోనికి నకలు తీశాడు. “డిస్కు మళ్ళీ తిరుగుతుందో లేదో తెలియదండి, తిరిగినప్పుడే అంతా తీసేసుకోవాలి” అన్నాడు. మొదటి రెండు డిస్కులు నిమిషములలో అయిపోయాయి. మూడవది కొన్నిచోట్ల తడబడింది. రాత్రి పదకొండు గంటలవరకు పట్టింది. అదియు వచ్చింది.

కష్టము అంతటితో తీరలేదు. ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, చుక్కలు. అక్కడున్నవారి ముఖములు వాడిపోయాయి. దీనికిని కారణమున్నది. తెలుగు లిపికి ప్రపంచమంతటికి ఒకే విధమైన సంకేతములు యూనికోడులో 1991లోనే ఏర్పడినవి గాని మన ప్రెస్సులలోనికి అవి చాలాకాలము రాలేదు. ఆనాటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో మన అక్షరముల ముక్కలను, గుణింతములను, వత్తులను పెట్టుకొనేవి. ఏ కంపెనీ ఫాంటుకు ఆ కంపెనీ పద్ధతి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అది తెలుగుగా కనబడును. పైగా ఆ పుటలు పేజ్‌మేకరులో తయారైనవి. 1985లో పుట్టిన ఆ ప్రోగ్రాము చివరి నమూనా 2001లో వచ్చింది. ఆ తరువాత మరి రాలేదు.

ఇక్కడ మాత్రము దూరము వెళ్ళవలసిన పని లేకపోయింది. మా పట్టణములో పెండ్లిపత్రికలు వేయు ఒక డీటీపీ సెంటరులో పాత కంప్యూటరు ఇంకను నడుచుచున్నది. అందులో పేజ్‌మేకరు ఉన్నది. పాత ఫాంట్లు ఉన్నాయి. ఆ సెంటరు నడుపు సహోదరి ఫైలును తెరిచి నాలుగు ఫాంట్లు మార్చి చూచారు. నాలుగవదానితో తెర అంతయు తెలుగు నిండింది. క్రమసంఖ్య, పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ, తండ్రి, తల్లి, గ్రామము. మొత్తము 611 పేర్లు. సిరా కారి చదువలేకపోయినచోట మా ముందటి పాస్టరు గారు ఊహించి వ్రాయలేదు. “చదువ వీలుకాలేదు” అని మాత్రమే వ్రాయించారు. అటువంటి ఖాళీలు ఎనుబదికి పైగా ఉన్నాయి. మామ్మగారి వరుస ఎక్కడుందో వెదకునంతసేపు మా భయమంతయు ఆ మాటల గురించియే.

ఆ వరుసలో ఖాళీ లేదు.

ఆ సాయంకాలమే మేమును మా ఇంటి తల్లియు వారింటికి వెళ్ళాము. పేరు చెప్పాము. ఆమె మరల చెప్పమన్నారు. మూడవసారి చెప్పిన తరువాత తానే నెమ్మదిగా పలికి చూచుకొన్నారు. “ఆయ్, ఇన్నాళ్ళూ మా అమ్మని వదిన అనే తలుచుకున్నానండి” అన్నారు. తరువాత, కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి ఇమ్మన్నారు. వ్రాసి ఇచ్చాము. ఆ పేరు ఆమెది గనుక దానిని ఈ పత్రికలో వ్రాయుట లేదు.

ఇంకను కొందరికి మేలు కలిగింది. రెండు కుటుంబములవారు తమ తాతలు అన్నదమ్ములని తెలిసికొని ఒకరింటికి ఒకరు రాకపోకలు మొదలుపెట్టారు. పసితనములో చనిపోయిన అక్క పేరును ఒక పెద్దాయన మొదటిసారి చూచుకొన్నారు. ఇవి లోకమునకు చిన్న సంగతులు. ఆ ఇండ్లలో చిన్నవి కావు.

ప్రియ చదువరులారా, మన సంఘములలో రిజిష్టర్లు, మినిట్సు పుస్తకములు, పెద్దల సాక్ష్యములు ఎన్నో ఉన్నాయి. మా అనుభవమునుబట్టి నాలుగు మాటలు చెప్పుచున్నాము.

1. ముఖ్యమైన పుస్తకము ఒక్కచోట ఒక్కటే ఉండకూడదు. ఒక ప్రతి గుడిలో, ఒకటి వేరొక ఊరిలో, ఒకటి కంప్యూటరులో ఉండవలెను. మా సంఘములో కాగితపు ప్రతిని చెదలు తిన్నాయి, డిస్కును బూజు తిన్నది. రెండును ఒకే బీరువాలో ఉన్నాయి.

2. కంప్యూటరులో దాచినది అయిదారు ఏండ్లకొకసారి తెరిచి చూచి, అప్పటికి అందరు వాడుచున్న దానిలోనికి మార్చుకొనవలెను. ఈనాటి పెన్ డ్రైవును ఇరువది ఏండ్ల తరువాత చదువగలమని ఎవరును హామీ ఇవ్వలేరు.

3. తెలుగును యూనికోడులో టైపు చేయించండి. ఇదివరకే పాత ఫాంటులో ఉన్నవి మార్పించండి. వాటిని తెరువగల సెంటర్లు ఇంకను కొన్ని ఉన్నాయి గనుక ఇప్పుడే చేయించండి.

4. డబ్బాలో చీటీ వ్రాసి పెట్టండి. ఏమి దాచారో, దేనితో తెరువవలెనో, ఎవరు ఎప్పుడు దాచారో వ్రాయండి. ఆ చీటీయే లేకపోతే మేము ఆ డిస్కులను చెత్తతో పారవేసియుండేవారమేమో.

నాలుగవ డిస్కు ఇంకను చాచా ఇచ్చిన కవరులోనే ఉన్నది. చీటీ ప్రకారము అందులో స్త్రీల సమాజపు పెద్దలు చెప్పిన సాక్ష్యములు ఉన్నాయి. చెప్పిన ఆ తల్లులలో ఇప్పుడు ఒక్కరును బ్రతికి లేరు. బూజును తీసి, బిళ్ళను వేరొక పెట్టెలోనికి మార్చి చదువుట నేర్పుగలవారికి సాధ్యమే గాని ఆ పనిలో యంత్రపు తల పోవచ్చునని చాచా హెచ్చరించారు. మా యొద్ద మంచి యంత్రము ఒక్కటే ఉన్నది. కాబట్టి మరియొకటి దొరకువరకు ఆగియున్నాము. మీ ఇంటి అటకమీదగాని, పాత ఆఫీసు గదిలోగాని నీలంరంగు జిప్ డ్రైవు కనబడితే, అది పనిచేయకపోయినను సరే, తూకమునకు వేయకండి. అందులో ఒక మంచి తల ఉండవచ్చు.